తాబేలు ఒంటి మీద తెల్లమచ్చ, నోట్లో పసుపు పొర: ఎప్పుడు మామూలు, ఎప్పుడు జబ్బు?

తాబేళ్లు పెంచేవాళ్లను మొదట టెన్షన్ పెట్టేది తెల్లమచ్చ. నిన్నటిదాకా నున్నగా ఉన్న డిప్ప మీద ఇవాళ ఓ చోట తెల్లగా కనిపిస్తుంది. ఫొటో తీసి తెలిసినవాళ్లకు పంపితే ఒకరు ఫంగస్ అంటారు, ఒకరు కాల్షియం తక్కువైందంటారు, ఇంకొకరు ఏం కాదు, పొర ఊడుతోందంతే అంటారు. చిక్కేమిటంటే ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. నీళ్లలోని ఉప్పులు పేరుకున్నా తెల్లగానే ఉంటుంది, పాత పలక కింద గాలి చేరినా తెల్లగానే ఉంటుంది. ఫంగస్ పట్టినా, డిప్ప కుళ్లుతున్నా, బల్బు వేడికి కాలినా, ఎప్పుడో మానిన దెబ్బ తాలూకు మచ్చ మిగిలినా కంటికి కనపడేది ఆ తెలుపే. వీటిలో కొన్నింటికి మనం చేయాల్సింది ఏమీ లేదు. కొన్నింటిని అలా వదిలేస్తే తాబేలు ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి రంగు ఒక్కటే చూసి జబ్బు పేరు పెట్టేయకూడదు. ఆరాక ఎలా ఉంది, తాకితే గట్టిగా ఉందా మెత్తగా ఉందా, వాసన వస్తోందా, పలక గీత దగ్గర ఆగిందా దాటిపోయిందా, పోయిన వారం కంటే పెరిగిందా అన్నవి కలిపి చూస్తే సగం చిక్కు విడిపోతుంది. నోటి సంగతీ అంతే. నోట్లో సహజంగా ఉండే భాగాలనే పుండ్లు అనుకుని హడావుడి పడేవాళ్లున్నారు, అసలు పుండును తిండి ముక్క అనుకుని వదిలేసేవాళ్లూ ఉన్నారు.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. తాబేలు ఒంట్లో ఏదైనా నెమ్మదిగానే జరుగుతుంది. దాని ఒంటికి కావాల్సిన వేడి బయటి నుంచి రావాలి. రోగాన్ని ఎదుర్కొనే శక్తి కూడా ఆ వేడి మీదే ఆధారపడి ఉంటుంది. చుట్టూ చల్లగా ఉంటే ఒళ్లు చల్లబడుతుంది, రోగనిరోధక శక్తి మందగిస్తుంది, మామూలుగా నీళ్లలో ఉండి ఏ హానీ చేయని బ్యాక్టీరియా కూడా అప్పుడు పైచేయి సాధిస్తుంది. జబ్బు మనకు కనిపించేసరికి లోపల మొదలై వారాలు గడిచి ఉండవచ్చు. నన్నడిగితే చర్మానికో నోటికో వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం నిజానికి నీటి జబ్బులు, వేడి జబ్బులు, తిండి జబ్బులు. బయటపడేది మాత్రం చర్మం మీద, నోట్లో.

ఆరోగ్యంగా ఉన్న డిప్ప, ఆరోగ్యంగా ఉన్న చర్మం

డిప్ప అంటే పైన వేసుకున్న కవచం అనుకుంటాం. అది తాబేలు ఎముకల గూడే. వెన్నెముక, పక్కటెముకలు పై డిప్పలో కలిసిపోయి ఉంటాయి. ఆ ఎముక మీద పల్చటి సజీవ కణజాలం, దాని మీద మన గోళ్లలో ఉండేలాంటి కెరాటిన్‌తో తయారైన పలకలు. ఎముకకు రక్తం అందుతుంది, నరాలున్నాయి, తాకితే తాబేలుకు తెలుస్తుంది, గాయమైతే నొప్పి పుడుతుంది. ఈ పొరల అమరిక గుర్తుంటే ఒక విషయం తేలిగ్గా అర్థమవుతుంది: పై పలక వరకే ఉన్న గీత చిన్న సంగతి, కింది ఎముక దాకా దిగిన గుంట పెద్ద సంగతి.

పాము కుబుసాన్ని ఒకేసారి విడుస్తుంది. తాబేలు అలా కాదు, మెడ మీదా కాళ్ల మీదా ముక్కలు ముక్కలుగా వదులుతుంది. నీళ్లలో ఉన్నప్పుడు పల్చటి, దాదాపు పారదర్శకమైన పొర వేలాడుతూ కదులుతుంటుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి బూజు పట్టిందని బెంబేలెత్తిపోతారు. దాని కింద చర్మం శుభ్రంగా, మామూలు రంగులో ఉంటే అది పొర ఊడటమే.

రెడ్ ఇయర్డ్ స్లైడర్ లాంటి నీటి తాబేళ్లు డిప్ప పలకల పైపొరను కూడా విడుస్తాయి. ఇది దగ్గర నుంచి చూడదగ్గ సంగతి. ఎండ కాచుకుంటున్న తాబేలు డిప్ప మీద ఒక పలక అంచు ముందు కొంచెం లేస్తుంది. దాని కిందికి గాలి చేరగానే ఆ పలక మొత్తం వెండిలా మెరుస్తుంది. కొన్నాళ్లకు పల్చటి ముక్క ఊడి నీటిలో తేలుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే పలక ఆకారం, దాని మీది గీతలు అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి. ఊడినచోట డిప్ప గట్టిగా, కొత్త రంగులతో ఉంటుంది. లేచిన అంచును గోటితో పీకాలనిపిస్తుంది. పీకకూడదు. ఇంకా విడివడని చోట లాగితే కింది కణజాలం చిరుగుతుంది, బ్యాక్టీరియాకు దారి తెరిచినట్టవుతుంది. నేల మీద బతికే మెట్ట తాబేళ్లు ఇలా పలకలు విడవవు, వాటికి పలక చుట్టూ కొత్త వలయాలు చేరుతుంటాయి. కాబట్టి మెట్ట తాబేలు డిప్ప మీద పొర లేస్తే దాన్ని మామూలుగా తీసుకోవద్దు.

పెరుగుతున్న పిల్ల తాబేళ్లలో పలకకూ పలకకూ మధ్య లేతరంగు గీత ఉంటుంది. అది కొత్త పెరుగుదల, భయం లేదు. మరీ చిన్న పిల్లల డిప్ప నొక్కితే కొంచెం వంగుతుంది కూడా. పెద్ద తాబేలు డిప్ప అలా వంగితే మాత్రం కాల్షియం, విటమిన్ డి3, యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత) వెలుతురు లోపించి ఎముకలు బలహీనపడ్డాయన్నమాట. దాన్ని చర్మపు జబ్బుగా చూడకూడదు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

తెల్లమచ్చల చిక్కుముడి

తాబేలును బయటికి తీసి మెత్తటి గుడ్డతో అద్ది పొడిగా ఆరనివ్వండి. తడి డిప్ప చాలా విషయాలు దాచేస్తుంది.

ఉప్పులు పేరుకున్న మచ్చ ఆరాక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తడిపితే దాదాపు మాయమవుతుంది. వేలికి గరుకుగా తగులుతుంది, వాసన ఉండదు, ఒక్కచోటే కాకుండా అక్కడక్కడా పరుచుకుని ఉంటుంది. ట్యాంకు అద్దం మీద నీటిమట్టం దగ్గర కూడా అలాంటి తెల్లచారే ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. పచ్చగా జారుడుగా ఉన్నది పాచి. పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. పాచి వల్ల జబ్బు రాదు గానీ, మందంగా పట్టిన పాచి కింద ఏముందో కనపడదు. అందుకని అప్పుడప్పుడూ రుద్ది చూడటం మంచిది.

ఊడబోయే పలక తెలుపు సరిగ్గా పలక ఆకారంలోనే ఉంటుంది. గీత దగ్గర ఆగిపోతుంది. నొక్కితే కింద గట్టిగా ఉంటుంది. జబ్బు పలకల హద్దులు పట్టించుకోదు. ఒక పలకలో మొదలైన మచ్చ గీత దాటి పక్క పలకలోకి పాకితే ఆ ఒక్క కారణంతోనైనా డాక్టర్‌కి చూపించాలి.

ఫంగస్ చర్మం మీద ఉంటే నీళ్లలో దూదిపోగుల్లా నిలబడి ఉంటుంది, బయటికి తీయగానే జిగటగా అణిగిపోతుంది. ఊడుతున్న పొర పల్చటి రేకులా ఉంటుంది, ఫంగస్ కుచ్చులా ఉంటుంది. తేడా ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోరు. డిప్ప మీద ఫంగస్ పట్టుకోవడం ఇంకొంచెం కష్టం. తెల్లగానో బూడిదరంగులోనో పొట్టు రాలుతూ, కొద్దిపాటి గుంటలతో ఉంటుంది. 2019లో శాస్త్రవేత్తలు ఎమిడోమైసెస్ టెస్టావొరాన్స్ అనే ఫంగస్ గురించి వివరంగా రాశారు. నీటి తాబేళ్ల డిప్ప పుండ్లలో అది దొరికింది. కెరాటిన్‌ను తిని బతికే ఫంగస్‌ల కోవకు చెందినది కాబట్టి పలకల్లో తిష్ఠ వేయడం దానికి సులువు. ఇలాంటివి పైపైన పూసే మందులకు అంత తేలిగ్గా లొంగవు. కంటితో చూసి తేల్చడమూ కుదరదు, చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సిందే.

డిప్ప కుళ్లడాన్ని, అంటే షెల్ రాట్‌ను, పట్టించేది ముక్కు. కుళ్లు వాసన వచ్చిందంటే మిగతా వాదనలన్నీ పక్కన పెట్టొచ్చు. గుంట పడి ఉంటుంది, నొక్కితే మెత్తగా దిగుతుంది, పలక అంచు లేచి కింద తేమగా, పసుపుగానో ఎర్రగానో రసి కనిపిస్తుంది. సిట్రోబ్యాక్టర్, ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలు దీనికి కారణమవుతాయి. ఇవి నీళ్లలో ఎప్పుడూ ఉండేవే. గరుకు రాళ్లకు గీసుకున్న చోటో, తోటి తాబేలు కొరికిన చోటో లోపలికి దిగుతాయి. మురికి నీళ్లు, చల్లటి ఒళ్లు, ఎక్కి ఆరడానికి చోటు లేకపోవడం తోడైతే పాతుకుపోతాయి. తోలులాంటి డిప్ప ఉండే మెత్తడిప్ప తాబేళ్లకు పలకల రక్షణ లేదు, అందుకని వాటికి చిన్న గీత కూడా తొందరగా పుండవుతుంది.

ఇక్కడ అసలు భయపడాల్సిన సంగతి వేరే ఉంది. డిప్ప పుండులోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరవచ్చు. అప్పుడు కడుపు వైపు డిప్ప కింద ఎర్రటి మరకలు, రక్తం పాకినట్టు కనిపిస్తాయి. కాళ్ల చర్మం మీద కూడా ఎర్రటి చుక్కలు రావచ్చు. తాబేలు తిండి మానేస్తుంది, కాళ్లు వేలాడేస్తుంది, చేతిలోకి తీసుకుంటే పెనుగులాడదు. ఇది రేపు చూద్దాంలే అనుకునే పరిస్థితి కాదు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రోజూ పై డిప్పనే చూసుకుంటూ కూర్చుంటాం గానీ వారానికోసారైనా తాబేలును నెమ్మదిగా ఎత్తి కడుపు వైపు చూడకపోతే ఈ మరకలు తెలియవు.

కాలిన మచ్చ విషయంలో ఓ మోసం ఉంది. బల్బు మరీ కిందికి పెట్టినా, అడుగున వేడిచేసే రాయి పెట్టినా తాబేలు అక్కడే కూర్చుని కాలిపోతుంది. ఒళ్లంతా వేడెక్కకుండా ఒక్కచోటే మండుతుంటే పక్కకు జరగాలని దానికి తట్టకపోవచ్చు. అప్పటికప్పుడు పెద్దగా ఏమీ కనిపించదు. వారాల తర్వాత ఆ చోట పలక తెల్లబారి లేస్తుంది. అప్పటికి బల్బు మార్చేసి ఉంటే కారణం ఎవరికీ గుర్తుండదు కూడా.

పాత దెబ్బ మానిన మచ్చ పొడిగా, గట్టిగా, నెలల తరబడి మార్పు లేకుండా ఉంటుంది. దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

చర్మం మీద మిగతావి

మెడ, కాళ్ల చర్మం ఎడతెగకుండా ఊడుతూనే ఉందంటే ముందు నీళ్లు పరీక్షించండి. తాబేలు మలమూత్రాలు, మిగిలిన తిండి వల్ల నీళ్లలో చేరే అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన శుభ్రంగా ఉన్నట్టు కాదు, అమ్మోనియాకు రంగు లేదు. నీళ్లు బాగుంటే తర్వాత అనుమానించాల్సింది తిండిని. దాని గురించి కింద వివరంగా చెప్తాను.

తోకకూ వెనక కాళ్లకూ గాట్లుంటే ట్యాంకులో ఉన్న తోటి తాబేలే నిందితురాలు. అవి ఆడుకుంటున్నాయని మురిసిపోయే ముందు గాట్లు ఎవరికి పడుతున్నాయో చూడాలి. విడదీయకుండా ఎంత మందు పూసినా లాభం లేదు. ఆరుబయట తిరిగే మెట్ట తాబేళ్లకు కాళ్ల మడతల్లో, తోక మొదట్లో గోమార్లు పట్టొచ్చు. పుండుంటే ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి. పురుగులు పడితే ఆగకూడదు, అవి బతికున్న కండను తొలుచుకుంటూ పోతాయి.

నోరు: చూడటమే సగం పని

తాబేలుకు పళ్లుండవు. పక్షి ముక్కులాగే దవడ అంచున గట్టి కెరాటిన్ తొడుగు ఉంటుంది, దానితోనే కత్తిరించి మింగుతుంది. ఆ నోట్లోకి చూడటం ఎలా? చెంచాతో బలవంతంగా తెరిస్తే దవడ అంచు పెచ్చులూడవచ్చు, లోపల గీరుకుపోవచ్చు. అంతకంటే తేలిక ఉపాయం ఉంది. కొంచెం పెద్ద తిండి ముక్కను పటకారుతో పట్టుకుని నీటిమట్టం దగ్గర చూపించండి. తాబేలు మెడ చాచి నోరు పెద్దగా తెరుస్తుంది. ఒక్క క్షణం లోపలంతా కనిపిస్తుంది. అప్పుడు ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి, తర్వాత తీరిగ్గా ఆపి ఆపి చూస్తే సరిపోతుంది. ఆవులించేటప్పుడు దొరికినా అదృష్టమే. స్నాపింగ్ టర్టిల్ లాంటి వాటి దగ్గర మాత్రం వేళ్లు దూరం పెట్టండి.

ఆపిన వీడియోలో ఏం కనిపించాలి? తడిగా ఉన్న లేతగులాబీ రంగు. లావుపాటి, నోటి అడుగుకు అతుక్కుని ఉండే నాలుక. నాలుక వెనక చిన్న చీలిక, ఊపిరికి తగ్గట్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అది శ్వాసనాళం దారి. నోటి పైకప్పులోనూ ఖాళీలు కనిపిస్తాయి, ముక్కు నుంచి గాలి లోపలికి వచ్చే దారి అది. ఇవి పుండ్లు కావు. కొన్ని తాబేళ్ల నోట్లో పుట్టుకతోనే నల్లటి మచ్చలుంటాయి, ఎప్పుడూ అలాగే ఉంటే అది వాటి రంగే. గొంతు కింద చర్మం పైకీ కిందికీ ఆడుతుంటే కూడా కంగారు పడొద్దు, వాసన పట్టడానికి తాబేళ్లు అలా చేస్తాయి.

జబ్బు మొదట్లో సూది మొనంత ఎర్రచుక్కలతో మొదలవుతుంది. నాలుక పక్కలా దవడ లోపలి అంచునా వస్తాయి. తర్వాత ఆ చోటు ఉబ్బుతుంది. ఆపైన పసుపో తెలుపో పొర కడుతుంది. నోరు తెరిచినప్పుడు చొంగ దారంలా సాగుతుంది, వాసన వస్తుంది. దీన్నే స్టొమటైటిస్ అనీ మౌత్ రాట్ అనీ అంటారు. చూపు కంటే ముందు ప్రవర్తనే చెబుతుంది: తిండి కోసం ఆత్రంగా వస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది, వదిలేస్తుంది. ఆకలి లేని తాబేలు తిండి దగ్గరికే రాదు. వచ్చి పట్టి వదిలేస్తోందంటే ఆకలుంది, నోరు సహకరించడం లేదన్నమాట. ముందుకాలితో మూతి పదే పదే రుద్దుకుంటున్నా నోరే అనుమానించాలి.

తిండి ముక్క ఇరుక్కుందా, పొర కట్టిందా అని తేల్చుకోవడానికి మర్నాటి వీడియో చాలు. తిండి ముక్క నీళ్లు తాగినప్పుడు కదులుతుంది, పోతుంది. పొర అక్కడే ఉంటుంది, ఇంకాస్త వెడల్పవుతుంది. దాన్ని కాటన్ బడ్‌తో లాగి చూద్దామనుకోకండి, కింద పచ్చి పుండు, రక్తం వస్తుంది.

తాబేలు చీము మనకు తెలిసిన చీములా కారదు. చీమును కరిగించి పల్చబరిచే ఎంజైమ్ దాని తెల్లరక్తకణాల్లో ఉండదు, అందుకే గట్టి ముద్ద కట్టి ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎన్నో అర్థమవుతాయి. పిండితే రాదు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చినా ముద్ద లోపలికి మందు సరిగా చేరదు. డాక్టర్ తొలగించాలి, ఆ తర్వాతే మందు పని చేస్తుంది. వారం రోజులు మందు వేసినా వాపు తగ్గలేదేమిటని డాక్టర్‌ను తిట్టుకునే ముందు, లోపలి ముద్ద తీశారో లేదో కనుక్కోవడం నయం.

నోటి రంగు కూడా కబురు చెబుతుంది. మరీ పాలిపోతే రక్తం తక్కువైందనీ, నీలం తిరిగితే ఊపిరి సరిగా అందడం లేదనీ, పచ్చబడితే కాలేయాన్ని పరీక్షించాలనీ అర్థం. నోటి నుంచి, ముక్కు నుంచి బుడగలు వస్తూ నీళ్లలో ఒక పక్కకు ఒరిగి తేలుతోందంటే ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండవచ్చు. అప్పుడిక నోటి జబ్బు రెండో సంగతి.

మెట్ట తాబేళ్లలో ఇంకో కోణం ఉంది. నాలుక మీద పసుపు పొర, ముక్కు కారడం, నీరసం కలిసి వస్తే హెర్పిస్ వైరస్‌ను కూడా అనుమానిస్తారు. కోలుకున్న తాబేలు కూడా ఆ వైరస్‌ను జీవితాంతం మోస్తూ, చూడటానికి బాగానే ఉంటూ, వేరేవాటికి అంటించగలదు. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ముక్కు కారే జబ్బుదీ ఇదే గుణం. కొత్తగా తెచ్చిన తాబేలును నెలల పాటు విడిగా, వేరే గిన్నెలతో ఉంచమని డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

దవడ అంచు పెరిగిపోవడం గురించి క్లుప్తంగా: ఎప్పుడూ మెత్తటి తిండే పెడితే అంచు అరగదు, పై దవడ కిందికి కొక్కెంలా సాగుతుంది. ఎముకల బలహీనత, తిండిలో లోపాలు కూడా కారణం కావచ్చు. బాక్స్ టర్టిల్ లాంటి కొన్నింటికి చిన్న కొక్కెం సహజం. గోళ్ల కత్తెరతో కత్తిరిస్తే నిలువునా చీలుతుంది, డాక్టర్ మెషిన్‌తో అరగదీస్తారు.

విటమిన్ ఏ దగ్గర పడే పీటముడి

కళ్లు ఉబ్బాయని ఒకరు, చెవి దగ్గర గడ్డ లేచిందని ఒకరు, చర్మం ఊడుతోందని మరొకరు. ఈ మూడూ ఒకే కథ కావచ్చు. కళ్లకు, నోటికి, ముక్కుకు, చెవిగొట్టానికి లోపలివైపు తేమగా, జిగురు ఊరే పొర ఉంటుంది. ఆ పొర సరిగా ఉండాలంటే విటమిన్ ఏ కావాలి. అది చాలకపోతే తేమ కణాల స్థానంలో పొడిబారిన, కెరాటిన్ పేరుకునే కణాలు వస్తాయి. గ్రంథుల సన్నటి దారులు పూడుకుపోతాయి. కంటి గ్రంథులు పూడితే రెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోతాయి. నోటికీ చెవికీ మధ్య గొట్టం పూడితే కంటి వెనక, తలకు పక్కగా గట్టి బుడిపె లేస్తుంది. అది చెవిలో చేరిన చీముముద్ద. మత్తు ఇచ్చి కోసి తీయాల్సిందే. నోటి పొర పాడైతే మౌత్ రాట్‌కు దారి దొరుకుతుంది.

గుడ్డు సొన నుంచి వచ్చిన నిల్వ కాలేయంలో కొంత ఉంటుంది కాబట్టి పిల్ల తాబేళ్లలో తిండి లోపం వెంటనే బయటపడదు. అది కరిగాకే, పుట్టిన కొన్ని నెలల తర్వాత, రెప్పలు ఉబ్బడం మొదలవుతుంది. ఇన్నాళ్లూ అదే తిండి తిని బాగానే ఉందిగా అన్న వాదన అందుకే నిలవదు. ఎండు రొయ్యలు మాత్రమే, మాంసం ముక్కలు మాత్రమే, తెల్లటి లెట్యూస్ మాత్రమే పెట్టే చోట ఈ జబ్బు ఎక్కువ. మంచి పెల్లెట్లు (కొట్లో దొరికే గుళికల తిండి), ముదురాకుపచ్చ ఆకులు, క్యారెట్, గుమ్మడి, నీటి తాబేళ్లకైతే చిన్న చేపలు పూర్తిగా, మార్చి మార్చి పెడితే లోపం రాదు. పెద్ద డబ్బా కొని ఏడాదిపాటు వాడే పెల్లెట్లలో విటమిన్లు మెల్లగా తగ్గిపోతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడిదాకా విన్నవాళ్లు వెంటనే అడిగేది, అయితే విటమిన్ ఏ ఇంజెక్షన్ వేయించేద్దామా అని. అక్కడే పీటముడి పడుతుంది. డోసు ఎక్కువైతే మెడ, కాళ్ల చర్మం కాలినట్టు పొరలు పొరలుగా ఊడి పచ్చి మాంసం బయటపడుతుంది. ఇది ఇంజెక్షన్ వేసిన రోజునో మర్నాడో కనిపించదు, కాస్త ఆలస్యంగా బయటపడుతుంది. ఆకులు తినే మెట్ట తాబేళ్లకు ఈ విటమిన్ లోపం అసలే అరుదు, వాటికి ఈ ఇంజెక్షన్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. పైగా రెప్పలు ఉబ్బిన ప్రతిసారీ విటమిన్ లోపమే ఉండదు. మురికి నీళ్లు, క్లోరిన్, కంట్లో నలుసు, ముక్కు జబ్బు, ఏదైనా కావచ్చు. చర్మం ఊడుతోందని వచ్చిన తాబేలుకు లోపం వల్ల ఊడుతోందా, ఎక్కువై ఊడుతోందా తెలియాలంటే ఇప్పటిదాకా ఏం తిన్నది, ఏ ఇంజెక్షన్లు పడ్డాయి అన్నది డాక్టర్‌కి చెప్పి తీరాలి. లోపం తక్కువగా ఉంటే చాలామంది డాక్టర్లు తిండి మార్చడం, నోటి ద్వారా మందు ఇవ్వడంతోనే సరిపెడతారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు

థర్మామీటర్ పెట్టి కొలవండి, చేత్తో తాకి చెప్పే అంచనా వద్దు. స్లైడర్‌కి నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, ఎండ కాచుకునే చోటు 30 నుంచి 35 మధ్య ఉండాలి. యూవీబీ బల్బు వెలుగుతూనే ఉన్నా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు దాని యూవీబీ పడిపోతుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలోనూ యూవీబీ దాదాపు ఉండదు.

డిప్ప మీద తేమ పుండు ఉంటే రోజులో ఎక్కువసేపు పొడిగా, వెచ్చగా ఉంచి, తాగడానికీ తినడానికీ మాత్రం కాసేపు నీళ్లలో వదలమని డాక్టర్లు చెబుతుంటారు. పెద్ద నీటి తాబేళ్లకు ఇది పని చేస్తుంది. పిల్లలకూ మెత్తడిప్ప తాబేళ్లకూ మీ అంతట మీరు చేయొద్దు, ఒంట్లో నీరు ఇంకిపోతుంది. పుండ్లు శుభ్రం చేసే పావిడోన్ అయోడిన్ మందును పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి పుండు మీద అద్దడం వరకు ఫరవాలేదు. నోట్లో వద్దు.

చేయకూడనివి ఎక్కువే ఉన్నాయి. డిప్ప మెరవడానికి నూనె, వాజిలీన్, నెయిల్ పాలిష్ రాయడం. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ క్రీమ్ పూయడం. పోయినసారి పిల్లికి ఇచ్చిన యాంటీబయాటిక్ సిరప్ వేయడం. అన్నిటికంటే ప్రమాదం ఐవర్‌మెక్టిన్. కుక్కలకూ పశువులకూ పురుగుల మందుగా వాడే దీన్ని గోమార్లు పట్టాయని తాబేలుకు వేస్తే పక్షవాతం వచ్చి చనిపోవచ్చు. తాబేళ్లు ఎక్కువగా చూడని డాక్టర్ అయితే ఈ మాట మీరే గుర్తు చేయండి, మొహమాటపడొద్దు.

ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు నీళ్ల బకెట్‌లో వద్దు. నీరసంగా ఉన్న తాబేలు తల ఎత్తలేక మునిగిపోతుంది. పొడి పెట్టెలో తడి తువ్వాలు వేసి, వెచ్చగా తీసుకెళ్లండి. తేదీలతో ఫొటోలు, వంటింటి త్రాసు మీద తూచిన బరువు, నీళ్ల పరీక్ష ఫలితం, బల్బు ఎప్పుడు కొన్నారు, ఏం తింటోంది అన్నవి రాసి ఇస్తే డాక్టర్‌కి సగం దారి దొరికినట్టే. నోటి పుండైనా డిప్ప పుండైనా స్వాబ్ తీసి కల్చర్ చేస్తారా (పుండు రసిని దూదిపుల్లతో తీసి ల్యాబ్‌లో సూక్ష్మజీవులను పెంచి చూస్తారా) అని అడగండి, ఏ మందుకు లొంగుతుందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఇంజెక్షన్ ముందు కాలికే ఎందుకు వేస్తున్నారని అనుమానం వస్తే, వెనక భాగంలోని రక్తం ముందు మూత్రపిండాల గుండా పోవచ్చని, మందు అక్కడే వడకట్టుకుపోకుండా, మూత్రపిండాలు దెబ్బతినకుండా ఆ జాగ్రత్త అని తెలుసుకోండి. మందును బట్టి ఇంజెక్షన్లు రోజూ కాకుండా మూడు రోజులకొకటి ఉండటమూ మామూలే. ఒంట్లో మందు అంత నెమ్మదిగా ఖర్చవుతుంది.

మన చేతుల సంగతి కూడా చెప్పాలి. చూడటానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా తాబేలు సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తుండవచ్చు. పిల్లలు జబ్బుపడుతున్నారని అమెరికా 1975లో నాలుగు అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్నే నిషేధించింది. నోరు చూసినా పుండు కడిగినా సబ్బుతో చేతులు కడుక్కోండి, ట్యాంకు సామాన్లు వంటింటి సింక్‌లో కడగొద్దు.

ఆ తర్వాత ఓపిక పట్టాలి. నోటి పుండు వారాల్లో తగ్గవచ్చు, ఎముక దాకా దిగిన డిప్ప పుండు మానడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. మానుతోందని ఎలా తెలుస్తుందంటే, ముందు వాసన పోతుంది. తేమ ఆరుతుంది. గుంట అంచులు గట్టిపడతాయి. చివర్లో పైన ఎండిన పెచ్చు దానంతటదే ఊడి, కింద కొత్త గట్టి పొర కనిపిస్తుంది. రంగు మాత్రం మునుపటిలా రాకపోవచ్చు, ఆ మచ్చ జీవితాంతం ఉండిపోవచ్చు. కాబట్టి తాబేలు మళ్లీ తినడం మొదలెట్టింది కదా అని మందు మధ్యలో ఆపకండి, మచ్చ ఇంకా తెల్లగానే ఉంది కదా అని డాక్టర్ ఆపమన్నాక కొనసాగించకండి. వారానికొకసారి ఒకే వెలుతురులో, ఒకే కోణంలో తీసిన ఫొటోలూ బరువు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, మచ్చ మళ్లీ మెత్తబడినా వాసన తిరిగి వచ్చినా మాత్రం ఫోన్ చేయండి.